అక్కకు పడ్డ గోలి చెల్లెకు ఎందుకు పడలేదు?



ఈ పూట గోలీల గురించి మాట్లాడుకుందాం. జ్వరం గోలి కాదు. నొప్పుల గోలి కాదు. మనసు జబ్బుకు డాక్టరు రాసే గోలి.

మనసుకు జబ్బు వస్తుందా? వస్తుంది. ఒకామెకు నెలల తరబడి నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఏ పని మీదా చెయ్యి పోదు. బతుకు మీద ఆశ పోతుంది. మన దిక్కున దీన్ని మనాది అంటారు. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. ఇంకొకామెకు ఎవరూ లేకున్నా చెవిలో మాటలు వినబడతాయి. ఇది గాలి కాదు. దయ్యం కాదు. బీపీ, షుగర్ లాగా ఇదీ జబ్బే. దీనికి మందు ఉంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఒకే మందు అందరికీ పడదు.

ఒక కథ అనుకుందాం. జనగామ దగ్గర పల్లెలో ఇద్దరు అక్కచెల్లెండ్లు. అక్కను మానుకోటకు ఇచ్చారు. మానుకోట అంటే మహబూబాబాదే. చెల్లెను భూపాలపల్లికి ఇచ్చారు. ఆమె మగడు బొగ్గుబాయిలో పని చేస్తాడు.

అక్కకు మనాది పట్టింది. డాక్టరు ఎస్సిటాలోప్రామ్ అనే గోలి రాశాడు. రోజుకు ఒకటి. నెల దాటేసరికి అక్క తేరుకుంది. మరుసటి ఏడు చెల్లెకు అదే బాధ వచ్చింది.

"నా గోలీలు మిగిలినయి చెల్లే, ఇవే ఏసుకో" అంది అక్క.

"నీకు మంచిగైంది కదక్కా, నాకూ అయితది" అంది చెల్లె.

వారం తిరగలేదు. చెల్లెకు కడుపులో తిప్పింది. చేతులు వణికాయి. ఒక్క తావున కూర్చోలేకపోయింది. "ఇది గోలి కాదు, విషం" అని అన్నీ పొయ్యిలో వేసింది. ఇక ఏ మందూ ముట్టనంది. మనాది మాత్రం పోలేదు. "ఎందుకీ బతుకు" అనే ఆలోచన మొదలైంది. గోలి పడకపోవడం కంటే ఇదే పెద్ద ప్రమాదం.

గోలి విషమా? కాదు. అక్క చెడు తలచిందా? లేదు. మరి ఏమైంది?

మార్కెట్ యార్డు గుర్తు చేసుకోండి. బండ్ల మీద బస్తాలు వస్తాయి. హమాలీలు దించుతారు. హమాలీలు సరిపడా ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఇద్దరే ఉంటే బస్తాలు కుప్పపడతాయి. మరీ ఎక్కువ మంది ఉంటే వచ్చిన సరుకు వచ్చినట్టే ఖాళీ అవుతుంది.

మన కడుపులో కాలేయం ఉంది. కార్జం అంటాం. వేసుకున్న గోలీని విరిచి బయటకు పంపే పని ఎక్కువగా దానిదే. అందులోనూ హమాలీల్లాంటివి ఉంటాయి. వాటిని ఎంజైములు అంటారు. ఒకరిలో అవి మెల్లగా పని చేస్తాయి. అప్పుడు మందు రక్తంలో కుప్పపడుతుంది. ఒక్క గోలి రెండు గోలీలంత అవుతుంది. ఇంకొకరిలో మరీ జోరుగా పని చేస్తాయి. మందు మనసుకు అందకముందే పోతుంది. ఆమె "నెల రోజులు మింగినా ఏం గుణం లేదు" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు.

ఈ తేడా పుట్టుకతో వస్తుంది. మన ఒంట్లో ప్రతి పనికీ ఒక రాత ఉంది. నుదుటి రాత కాదు. కంటికి కనపడని రాత. దాన్నే జన్యువు అంటారు. మీరు అక్షరాలు నేర్చారు కదా. 'మేక' అని రాసి కొమ్ము పెడితే ఏమవుతుంది? 'మేకు' అవుతుంది. ఒక్క గుర్తుతో పాలిచ్చే జీవం ఇనుప ముక్క అయింది. జన్యువులో కూడా ఒక్క అక్షరం మారితే ఎంజైము పని మారుతుంది.

ప్రతి రాతా మనకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. అక్కకు వచ్చిన ప్రతే చెల్లెకు రావాలని లేదు. ఒకే కడుపున పుట్టినా మందు దగ్గర వేరు కావచ్చు.

ఈ రాతను చదివే పరీక్షే జన్యు పరీక్ష. కొంచెం రక్తం గానీ ఉమ్మి గానీ తీసుకుంటారు. పుట్టుకతో వచ్చిన రాత మారదు కాబట్టి ఆ కాగితం మళ్లీ మళ్లీ పనికొస్తుంది. ఎస్సిటాలోప్రామ్‌కు అన్న వంటిది సిటాలోప్రామ్. దీని ఎంజైము మెల్లగా ఉన్నవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా మందుల సంస్థ 2012లో చెప్పింది. తెలుగువాళ్లలో ఈ మెల్లని రకం అరుదేమీ కాదు. లోకంలోని 26 జనాల జన్యువులు చదివిన పెద్ద పని ఒకటి 2015లో పూర్తయింది. అందులో బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లూ ఉన్నారు.

అయితే పరీక్ష చేస్తే చాలు, సరైన గోలి దొరికినట్టేనా? కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆ పరీక్ష జబ్బు ఏదో చెప్పదు. "ఈ గోలితోనే నయమవుతుంది" అనీ చెప్పదు. ఏ మందు ఒంట్లో కుప్పపడవచ్చు, ఏది తొందరగా పోవచ్చు, అంతే చెబుతుంది. అమెరికాలో మనాది ఉన్న 1,944 మంది మాజీ సైనికుల మీద చూశారు. 2022లో ఫలితం వచ్చింది. పరీక్ష చూసి మందు రాస్తే పడని మందు రాయడం తగ్గింది. కానీ ఆరు నెలలు నిండేసరికి నయమైన వాళ్ల లెక్కలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు.

ఈ పరీక్ష మన జిల్లా దవాఖానల్లో మామూలుగా చేసేది కాదు. పెద్ద పట్నాల్లో, ఎక్కువగా ప్రైవేటులో చేస్తారు. వేలల్లో ఖర్చు. దీని కోసం మేకలు అమ్ముకోవద్దు. డాక్టరు అవసరమంటే ఎందుకో అడగండి.

ఇంకొన్ని సంగతులు జన్యువులో ఉండవు. కడుపు మంటకు వేసుకునే ఒమెప్రజోల్ గోలి ఉంది కదా. అది సిటాలోప్రామ్ హమాలీల చేతులు కట్టేస్తుంది. మందు కుప్పపడుతుంది. చుట్ట, బీడీ తాగితే ఓలాంజపిన్ అనే మందు తొందరగా పోతుంది. చుట్ట మానేస్తే అదే మందు ఒంట్లో పెరుగుతుంది. డాక్టరుకు ఇవన్నీ చెప్పాలి. చుట్ట మాట చెప్పడానికి సిగ్గెందుకు?

కొన్ని చోట్ల మాత్రం పుట్టుక సంగతి ప్రాణం మీదికి తెస్తుంది. మన తెలుగు కోమట్లను, అంటే ఆర్యవైశ్యులను చూడండి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే సూది వేస్తారు. మామూలుగా దాని బలం కొన్ని నిమిషాలే. దాన్ని విరిచే ఎంజైము వైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే పని చేయదు. వాళ్లకు గంటల తరబడి ఊపిరి ఆడదు. మిషను పెట్టి ఊపిరి అందించాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ల కంటే 100 రెట్లు ఎక్కువని 2017లో వచ్చిన ఒక పరిశోధన రాసింది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. మనసు జబ్బు ముదిరితే ఇచ్చే కరెంటు వైద్యంలోనూ ఈ సూది వాడతారు. మత్తు, కండరాల మందు లేకుండా ఆ వైద్యం చేయవద్దని 2017 చట్టం చెప్పింది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తెలివి, ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే ముందే చెప్పాలి. మామూలు రక్త పరీక్షతోనే ఈ లోపం తెలుస్తుంది. ఇది కులం తప్పు కాదు. తరతరాలుగా లోపలి లోపలే పెళ్లిళ్లు జరిగితే ఇలాంటి రాత నిలిచిపోతుంది.

కార్బమాజెపిన్ అనే ఇంకో మందు ఉంది. మూర్ఛకు, మనసు జబ్బుకు ఇస్తారు. ఆసియా వాళ్లలో కొందరికి ఉండే ఒక జన్యువుతో అది కలిస్తే చర్మం పొక్కి ఊడిపోవచ్చు. ఈ మందు వేసుకుంటున్నప్పుడు ఒంటి మీద దద్దు, నోట్లో పుండ్లు, కండ్లు ఎర్రబడడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే దవాఖానకు పోవాలి.

మరి చెల్లె ఏం చేయాల్సింది? ముందు, అక్క గోలి తీసుకోకుండా ఉండాల్సింది. తనకు రాసిన గోలి అయినా మొదటి వారం రెండు వారాలు కడుపులో తిప్పడం చాలామందికి ఉంటుంది. అది తగ్గేదా, మందు కుప్పపడడమా అన్నది డాక్టరే తేలుస్తాడు. మోతాదు తగ్గిస్తాడు. లేదా వేరే గోలి ఇస్తాడు. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, జబ్బు మళ్లీ లేస్తుంది.

పరీక్ష లేకున్నా మీ చేతిలో పలక ఉంది, నోటుబుక్కు ఉంది. ఒక పేజీ గోలీలకు పెట్టండి. గోలి పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తారీఖున మొదలు, ఏ రోజు ఏం బాధ, నిద్ర పట్టిందా లేదా. అట్ట మీద పేరు చదవడం రాకపోతే అక్షరం అక్షరం చూసి దించండి. తల్లికి, చెల్లెకు ఏ మందు పడలేదో అదీ రాయండి. డాక్టరు ముందు ఆ పేజీ తెరవండి.

డాక్టరు దగ్గరికి పోయేలోపు మనసు ఆగకపోతే, బతకొద్దనిపిస్తే 14416కు ఫోను చేయండి. దాని పేరు టెలి మానస్. 2022 అక్టోబరులో సర్కారు మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు. రాత్రయినా ఎత్తుతారు. తెలుగులోనే మాట్లాడతారు.