దండీలు, బస్కీలు – లెక్క పెంచుకొనే పద్ధతి
(ఖుర్దారోడ్డు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తరువాత ఈ వేదిక మీద కవిగారో, పండితులో మాట్లాడడం ఆనవాయితీ. ఈ యేడు కార్యదర్శిగారు గూడ్సు ఆఫీసు గుమాస్తాలమైన మమ్మల్ని పట్టుకొని, "పొద్దున్నే క్వార్టర్ల వెనుక దండీలు తీస్తుంటారు గదా, ఆ సంగతే చెప్పండి" అన్నారు. మేము మెట్రిక్కుతో చదువు ముగించినవాళ్లం. శాస్త్రం మాట్లాడే అధికారం మాకు లేదు. పదేళ్లుగా నలుగురం కలిసి చేస్తున్న పని గురించీ, అందులో మేము చేసిన తప్పుల గురించీ మాత్రం మనవి చేయగలం.

సాము గరిడీలు మనకు కొత్తవి కావు. మనలో చాలా కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనులకు వచ్చి ఇక్కడ నిలిచిపోయినవే. ఆ వైపు ముసలివారిని కదిపితే కోడి రామమూర్తిగారి పేరు ఎత్తకుండా ఉండరు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కసు పెట్టి, రొమ్ము మీదికి ఏనుగును ఎక్కించుకొని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచిన మహానుభావుడు. ఆయన కడపటి రోజులు గడచినది ఈ ఒడిశాలోనే. 1942లో బలంగీరులో కన్నుమూశారు. ఇక ఈ నేల మాట చెప్పనక్కరలేదు. 1817లో కుంపిణీ మీద తిరగబడిన ఖుర్దా పైకుల పేర అఖాడాలు నేటికీ ఉన్నవి. పూరీ వీధులలో జాగాఘరలు, అనగా కుర్రవాళ్లు కసరత్తు నేర్చే చోట్లు, ఇంకా నిలిచియున్నవి. ఆ గాలీ ఈ గాలీ రెండూ మనకు తగిలినవే. చిక్కల్లా ఒక్కటే. రామమూర్తిగారి ఏనుగు మనకు గుర్తుంటుంది గాని, ఏనుగు ఎక్కేలోగా ఆయన చేసిన సాధన గుర్తుండదు.

ఆ మరపు మాకు ఎంత పని చేసిందో ముందు చెప్పుకోవాలి.

2023 ఉగాదినాడు ఈ ఆవరణలోనే బస్కీల పోటీ పెట్టినాము. ఎవరు ఎక్కువ తీస్తే వారికి స్టీలు బిందె. మాలో ఒకడు అప్పటికి నాలుగు నెలలుగా సాధన మానివేసి ఉన్నాడు. తండ్రికి జబ్బు, పైగా రాత్రి డ్యూటీలు. అయినా పదిహేడేళ్ల కుర్రవాడొకడు "బావా, ఇది నీ వల్ల కాదులే" అనేసరికి పంచె ఎగగట్టినాడు. మేము చుట్టూ నిలబడి గట్టిగా లెక్కపెట్టినాము. నూరు దాటింది, రెండు వందలు దాటింది. తొడలు వణుకుతున్నవి, మేము ఈలలు వేస్తున్నాము. మూడు వందల డెబ్బయి దగ్గర కుర్రవాడు కూలబడ్డాడు. మావాడు నాలుగు వందలు పూర్తిచేసి బిందె భుజాన పెట్టుకొని ఇంటికి పోయినాడు.

మరునాడు మంచం దిగలేదంటే నవ్వుకున్నాము. మూడవ నాటికి తొడలు వాచి కొయ్యలాగా బిగుసుకొనిపోయినవి. మూత్రం టీ డికాక్షను రంగులో వచ్చింది. అతని భార్య పరుగున వచ్చి చెబితే అప్పుడు ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. అలవాటు తప్పిన కండ చేత హద్దు మీరి పని చేయిస్తే కండ నారలు చితికి, లోపలి సరుకు రక్తంలో కలుస్తుందట. దానిని వడగట్టబోయి మూత్రపిండాలు దెబ్బ తింటాయట. డాక్టరుగారు మాకు అర్థమయ్యేటట్లు చెప్పిన మాట ఇది. ఆరు రోజులు సెలైను ఎక్కించారు. మూత్రపిండాలు దక్కినవి. లెక్కపెట్టిన గొంతులు మావే. ఈ మాట చెప్పకుండా మిగతా ప్రసంగం చేసే హక్కు మాకు లేదు.

గామా పహిల్వాను దినమునకు వేల కొద్దీ బస్కీలు తీసేవాడని మనమందరం విన్నదే. పదేళ్ల ప్రాయంలో జోధపురంలో జరిగిన బస్కీల పోటీలో అతడు పెద్ద పెద్ద మల్లుల మధ్య చివరిదాకా నిలిచాడని కథ. ఆ పోటీ తరువాత కొన్నాళ్లు మంచం పట్టాడని కూడా చెబుతారు. ఈ రెండవ ముక్కను కథ చెప్పేవాళ్లు మింగేస్తారు.

సరే, లెక్క పెరగడం ఎట్లా? మొదట దేనిని లెక్కపెడుతున్నామో తేల్చుకోవలెను. నడుము ఎత్తి చేతుల మీద వాలి, రొమ్మును నేలకు రాచినట్టు ముందుకు తెచ్చి, తల ఎత్తి, మరల వెనుకకు పోవడం మన దండీ. ఒంటిని కర్రలాగా ఉంచి దిగి లేవడం డ్రిల్లు మాస్టర్లు నేర్పినది. ఏదైనా సరే, ఒకదానినే పట్టుకోండి. నడుము జారిన చోట లెక్క ఆగిపోవలెను. ముప్పయి తీస్తానని చెప్పే కుర్రవాడిని సరిగా దిగమంటే పన్నెండు దగ్గర ఆగుతాడు. ఆ పన్నెండే వాడి అసలు నిలవ. అక్కడినుంచే ఖాతా తెరవాలి.

పన్నెండు వచ్చేవాడు రోజూ పన్నెండూ తీసి పదమూడవదాని కోసం మూలుగుతూ ఉంటే నెల తిరిగినా అక్కడే ఉంటాడు. మేమట్లా రెండేళ్లు పోగొట్టుకున్నాము. అతడు చేయవలసినది సగం, అంటే ఆరు. కాని ఒక్కసారి కాదు. స్నానానికి ముందు ఆరు, డ్యూటీకి బయలుదేరే ముందు ఆరు, వచ్చినాక ఆరు, సాయంత్రం ఆరు, భోజనానికి ముందు ఆరు. ఒక్కసారి కూడా చేతులు వణకలేదు, అయినా దినమునకు ముప్పయి పడినవి. వారానికి ఐదు రోజులు ఇట్లా చేసి, రెండు రోజులు మానవలెను. పదిహేను రోజులకు ఒకసారి మాత్రమే పూర్తి లెక్క చూసుకోవాలి. మాలో ఎక్కువమందికి మొదటి పక్షంలోనే రెండో మూడో పెరిగినవి.

ఇంత త్వరగా కండ పెరుగుతుందా అని మీరడగవచ్చు. పెరగదు. మొదటి వారాలలో కుదిరేది నరానికీ కండకూ మధ్య పొత్తు. కొత్తగా టైపు నేర్చేవాడు మొదటి నెల ఒక పేజీకి అల్లాడిపోతాడు. మూడవ నెలలో పది పేజీలు కొడతాడు. వాడి వేళ్లు లావెక్కి కాదు గదా! అలసిపోయి తప్పుల మీద తప్పులు కొడుతూ నేర్చినవాడికి తప్పులే అలవాటవుతాయి. దండీలలోనూ అంతే. కండ నిజంగా గట్టిపడడం ఆ తరువాతి వారాల పని.

ఇద్దరుంటే ఇంకొక సరదా పద్ధతి కలదు. అన్న ఒకటి తీస్తాడు, తమ్ముడు ఒకటి. అన్న రెండు, తమ్ముడు రెండు. అట్లా ఐదు దాకా ఎక్కి మళ్లీ ఒకటికి దిగితే ఒక్కొక్కరికి ఇరవై ఐదు పడతవి. ఒకడు తీస్తున్నంతసేపూ రెండవవాడికి విశ్రాంతి. మా పిల్లలు దీనికి నిచ్చెనాట అని పేరు పెట్టినారు.

ఒక్కటి కూడా రానివారు సిగ్గుపడనక్కరలేదు. గోడకు చేతులానించి మొదలుపెట్టండి. తరువాత బల్ల అంచు, ఆ తరువాత మంచం పట్టె, చివరకు నేల. పెద్దవారికి, మోకాళ్ల నొప్పులున్న తల్లులకు కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడమే బస్కీ. వినాయక చవితికి గుంజీళ్లు తీసినవాళ్లమే గదా, కొత్త విద్య ఏమీ కాదు.

రోజుకొకటి చొప్పున పెంచుతామనే లెక్క కాగితం మీదనే బాగుంటుంది. అట్లా అయితే యేడాదికి మూడు వందల అరవై ఐదు కావాలి! మూడు వారాలు పెంచి, నాలుగవ వారం సగానికి తగ్గించడం మాకు బాగా కుదిరింది. ముప్పయి దగ్గర బండి ఆగిపోతే లెక్కను వదిలి బరువు పెంచవలెను. కాళ్లు మెట్టు మీద పెట్టి పదే తీయండి. లేదా నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగండి. నెల తరువాత నేల మీదికి వస్తే ముప్పయి తేలిక అవుతుంది. రాత్రి డ్యూటీ పడిన వారంలో మాత్రం ఏమీ పెంచవద్దు. నిద్ర లేని ఒంటికి కండ కట్టే తీరిక ఉండదు. డబ్బాలలో అమ్మే పొడుల సంగతి కుర్రవాళ్లు తరచుగా అడుగుతారు. చద్దన్నం, పఖాళ మానవద్దు గాని, పక్కన పప్పో, గుడ్డో, పెరుగో లేకుండా తినవద్దు. మాకు తెలిసిన పొడి అంతే.

మరునాడు, ఆ మరునాడు కండలు సలపడం సహజమే. కీలులో పోటు వస్తే మానండి. మూత్రం రంగు మారితే ఆ పూటే డాక్టరు దగ్గరకు పోండి. మేము చేసినట్లు మూడవ రోజు దాకా చూడవద్దు.

ఇక సంఘానికి మా విన్నపం. ఆ పోటీని 2023 తరువాత ఆపివేసినాము. మరల పెట్టండి, కాని వేరు తీరుగా. సంక్రాంతినాడు ప్రతివారి లెక్క ఇద్దరు పెద్దల ఎదుట పుస్తకంలో రాయాలి. ఉగాదినాడు మళ్లీ చూడాలి. మధ్య రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది, సాధనకు అది సరిపోతుంది. తన లెక్కకు ఎన్ని రెట్లు చేసినాడో చూసి బహుమతి ఇవ్వాలి. నాలుగును పన్నెండు చేసిన తల్లి, నలభైని యాభై చేసిన వస్తాదు కన్న ముందుంటుంది. సంక్రాంతినాడు లెక్క దాచుకొనేవాళ్లుంటారని కోశాధికారిగారి అనుమానం. ఉండవచ్చు. అరవై దాటి ఎవరినీ తీయనివ్వము, నడుము జారగానే ఆపుతాము, ఈలలు వేయము. లెక్కపెట్టే పని మాకే ఇవ్వండి.

బహుమతి కొనే ఖర్చు కూడా లేదు. ఆ బిందెలో ఒక్కనాడైనా నీళ్లు పట్టలేదని మావాడి భార్య దానిని తిరిగి ఇచ్చివేసింది. సంఘం బీరువాలోనే ఉన్నది.