గర్భసంచి కేన్సర్ రిపోర్టు ఎవరికోసం?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్ర పరిశోధకురాలిని. అయినా ఇవాళ గర్భసంచి లోపలిపొరలో వచ్చే కేన్సర్ గురించి, దాని కణాల గురించి మాట్లాడతాను. వైద్యం ఎలా చెయ్యాలో ఆ కణాల రిపోర్టు చూసే నిర్ణయిస్తారు. ఆ రిపోర్టులో ఏముందో మాత్రం రోగికి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ పొర కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే ప్రోటీన్లుంటాయి. వాటిని రిసెప్టర్లంటారు. ఈస్ట్రోజెన్ పొరను పెంచుతుంది. ప్రొజెస్టెరాన్ ఆ పెరుగుదలను అదుపు చేస్తుంది. అమెరికాలో ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వడంవల్ల ఈ కేన్సర్ ముప్పు పెరిగిందని 1975లో అధ్యయనాలు బయటపెట్టాయి.

ఈ కేన్సర్ అంతా ఒకే రకం కాదు. 1983లో సోవియట్ వైద్యుడు బోఖ్‌మన్ దీన్ని రెండుగా విభజించాడు. ఎక్కువమందికి వచ్చేది మొదటిది, ఎండోమెట్రియాయిడ్. అందులో సాధారణంగా రెండు రిసెప్టర్లూ ఉంటాయి. రెండోదాంట్లోని సీరస్, క్లియర్ సెల్ రకాలు మరింత ప్రమాదకరం. క్లియర్ సెల్‌లో రిసెప్టర్లు చాలావరకు ఉండవు. సీరస్‌లో కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. 2013లో వచ్చిన జన్యు పరిశోధన నాలుగు తెగలను గుర్తించింది.

ఇదంతా మనకెందుకు? పిల్లలు కావాలనుకునే చిన్నవయసు స్త్రీకి తీవ్రత తక్కువగా ఉన్న మొదటి రకం తొలిదశలోనే బయటపడితే, మళ్లీ మళ్లీ పరీక్షలు చేస్తూ, గర్భసంచి తీయకుండా ప్రొజెస్టిన్ మందుతో వైద్యం చేసే వీలుండవచ్చు. తిరగబెట్టిన కేన్సర్‌లో కూడా రిసెప్టర్లుంటే హార్మోను మందులు పనిచేసే అవకాశం ఎక్కువ. లేకపోతే వైద్యమే లేదని కాదు. ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ ఉన్నాయి.

ఇక మన సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ కూడా “కేన్సర్ వస్తుంది” అని భయపెట్టి తీసేసిన సందర్భాలు మనకు కొత్త కాదు. మరోపక్క ముట్లుడిగాక నెత్తురు కనిపించడం ఈ కేన్సర్‌కి ముఖ్యమైన హెచ్చరిక. అది ఇంట్లో చెప్పుకోలేక నెలల తరబడి ఓర్చుకునేవాళ్లున్నారు. అక్కర్లేనివాళ్లకి ఆపరేషన్, అవసరమైనవాళ్లకి ఆలస్యం!

అందుకే ఆస్పత్రికి తోడువెళ్లే మనం మూడు విషయాలు పట్టుబట్టి అడగాలి. ముట్లుడిగాక ఒక్కసారి నెత్తురు కనిపించినా పరీక్ష చెయ్యాలి. తీసిన గర్భసంచిని తప్పకుండా లేబొరేటరీకి పంపాలి. కేన్సర్ అని తేలితే ఏ రకమో, రిసెప్టర్ల పరీక్ష చేశారో లేదో, ఏం తేలిందో ఆమెకు తెలుగులో చెప్పి, రిపోర్టు కాపీ చేతికివ్వాలి. తన వైద్యం గురించి ఏం నిర్ణయించుకోవాలన్నా ముందు ఆమెకు ఇవి తెలియాలి కదా!