సివిలు ఇంజనీరింగు విద్యాభ్యాసము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



జీవితమంతయు పాఠశాలలో సంస్కృతమును బోధించిన మేము సివిలు ఇంజనీరింగును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. దీనికి కారణము మా యింటనే కలదు. ఉద్యోగవిరమణానంతరము మేము మణికొండయందు కుమారునియొద్ద నుంటిమి. మా పౌత్రి నిరుడు ఆ చదువును ముగించినది. ఆమె ఆ శాఖను కోరిననాడు మొట్టమొదట అడ్డుచెప్పినవారము మేమే. "ఈ చుట్టుప్రక్కల నందఱును కంప్యూటరు చదువుచుండగా, ఆడుపిల్లవు, ఎండలో ఈ మట్టిపని నీకేల తల్లీ?" అంటిమి. ఆమె వాదింపలేదు. "తాతయ్యా, మీ శాస్త్రములలో చెఱువులను గూర్చి యేమియు లేదా?" అని మాత్రము అడిగినది.

మేము జవాబీయలేకపోతిమి. కడప మండలమందలి పోరుమామిళ్ల సంస్కృతశాసనమును మేము చదివియే యుంటిమి. 1369వ సంవత్సరప్రాంతపు ఆ శాసనమున తటాకమునకు పండ్రెండంగములును ఆఱు దోషములును చెప్పబడినవి. జలశాస్త్రమెఱిగిన విద్వాంసుడు, గట్టినేల, తీయని నీటిని తెచ్చు నది, దిట్టమైన రాతికట్ట, పని నేర్చిన జనులు మున్నగునవి అంగములు. కట్టనుండి నీరూరుట, చవిటినేల, నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట మున్నగునవి దోషములు. తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచిన పెద్దల సంతతివారము మనము. శ్లోకమునకు అర్థము చెప్పిన మేమే, ఆ విద్యను కోరిన బిడ్డకు అడ్డు నిలిచితిమి గదా!

ఇక ఆ నాలుగేండ్ల చదువు ఎట్టిదనగా: మొదటియేట గణితము, భౌతికశాస్త్రము, యంత్రశాస్త్రము, డ్రాయింగు. రెండవయేట సర్వే. ఒకనాడు ఆమెయు సహాధ్యాయులును కళాశాల మైదానమును చుట్టి కొలిచి, బయలుదేరిన చోటికే మరల వచ్చిరి. కాని లెక్కలలో మొదలును తుదియు కలియలేదు. అట్టి భేదము పరిమితికి లోబడినచో శాస్త్రోక్తముగా సర్దవచ్చును. మించినచో మరల కొలువవలెను. మించినది. మఱునాడు సూర్యోదయమునకే అందఱును మరల మైదానమున నిలిచిరి.

పిమ్మట మట్టిని గూర్చిన శాస్త్రము. నల్లరేగడి తడిసిన నుబ్బును, ఎండిన బీటలువాఱును. కావున మణికొండ నల్లరాతిపై నిలిచిన పునాది రేగడినేలపై నట్లే నిలువజాలదు. పిమ్మట కాంక్రీటు. అది ఒత్తిడిని బాగుగా నోర్చును. లాగుడునకు మిక్కిలి బలహీనము. ఆ లాగుడును ఇనుపకడ్డీలు భరించును. 150 మిల్లీమీటర్ల ఘనములను పోసి, 28 దినములు నీటిలో నుంచి, యంత్రమున పగులగొట్టి బలము నెఱుంగుదురు. మా పౌత్రి బృందము పోసిన ఘనము లుద్దేశించిన బలమునకు చాల ముందే పగిలినవి. మిశ్రమమున నీరు హెచ్చినది. సహాధ్యాయి యొకడు "మంచి అంకె వేసి రికార్డు ముగింతము" అనెను. ఆమె పగిలిన అంకెనే వ్రాసినది. ఆ రాత్రి మాతో, "తాతయ్యా, ఈనాడు కాగితముపై అబద్ధము వ్రాసిన చేయి రేపు ఒకరి యింటికప్పు క్రింద సంతకము చేయును" అనినది. శిష్యులకు సత్యమును బోధించి వృద్ధులమైన మేము ఆ మాటకు తలవంచితిమి.

ఈ విద్యకు సాక్ష్యము మణికొండకు చేరువనే కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను హరించెను. మఱుసటియేట నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన పూర్వులు మోక్షగుండమను తెలుగుగ్రామమువారు. ఆయన పూనాలో 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ఉత్తీర్ణులైనవారు. ఆయన సూచన ననుసరించి 1920లో ఉస్మానుసాగరును, 1927లో హిమాయతుసాగరును నిర్మితములైనవి. ఆడుపిల్ల కీ పనియేల యనువారికి గిండీ కళాశాలయే జవాబు. అచట 1940లలో సివిలు శాఖయందు పట్టము పొందిన త్రేసియాగారు తరువాత కేరళ ప్రజాపనులశాఖకు ముఖ్య ఇంజనీరైరి.

సత్యమును దాచరాదు. ఈ శాఖలో తొలిజీతము కంప్యూటరువారి జీతముకంటె సాధారణముగా తక్కువ, పనిచోటు దూరము, ఎండ తప్పదు. మా పౌత్రి నేడు మురుగునీటి కాలువల పనిలో నున్నది. సాయంకాలము పాదరక్షలనిండ బురదతో వచ్చును. పెండ్లిమాటలకు వచ్చిన బంధువులు ఆ పాదరక్షలనే చూచిరి గాని, వానకాలమున వీథినీరు ఎటు పోవునో అడుగరైరి.

కావున పోషకులకు మా విన్నపములు మూడు. పల్లెలనుండి వచ్చి ఈ శాఖయందు చేరిన మన పేదబిడ్డలకు పుస్తకములకును, వసతికిని, సర్వే శిబిరములకును సంఘనిధినుండి వేతన మేర్పఱుపుడు. ఇండ్లు కట్టించు పెద్దలు తమ పనిచోట్ల విద్యార్థులను సెలవులలో నేర్చుకొననిండు. మూడవది ముఖ్యము: మన బిడ్డయే ఇంజనీరై "ఈ పునాదిపై మఱియొక యంతస్తు కూడదు, చెఱువుగర్భమున ఇల్లు కూడదు" అని చెప్పినపుడు, బంధుత్వము చూపి యొత్తిడి చేయకుడు. నాలుగేండ్లు నేర్చిన చదువుయొక్క ఫలము ఆ "కూడదు" అనుమాటయే.

మేము ఆలస్యముగా నేర్చితిమి. మీరు ముందుగానే నేర్తురుగాక! స్వస్తి.