మనసున దాగిన కక్ష

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలోని మీరు గట్టు తగవులను, బావినీటి వంతులను, అన్నదమ్ముల పంపకములను ఎన్నింటినో తీర్చియుందురు. రాయి పాతించిన పిమ్మట హద్దు నిలుచును. కాని ఆ రాయికి ఇరుప్రక్కల నున్నవారు మరల ఒక పంక్తిని కూర్చుండి భుజింతురా? తగవు తీరినను కక్ష తీరదు. పెండ్లిపిలుపు వచ్చినప్పుడు ఏదో పని యున్నదని తప్పించుకొనుటలో దాని గుర్తు కానవచ్చును. బహిరంగముగా పోట్లాడినవాడు త్వరగా చల్లారును. నవ్వుచు మాటాడి లోపల దాచుకొన్నవాని విషయమే కష్టము.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి ఆలయమును మీలో చూడనివారు అరుదు. 1529 మొదలు 1542 వరకు పాలించిన అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండలో అధికారియైన విరూపన్న దానిని కట్టించెను. రాజధనమును అక్రమముగా వ్యయపరచెనను నింద పడగా, ఆయన తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని స్థలకథ. ఆ ఎర్రని మరకలను నేటికిని చూపుదురు. కథ సత్యమో కాదో అటుంచుడు. నింద వేసినవారికి ఏమియు కాలేదు. చూపు పోయినది నిందపడినవానికి. దాచుకొన్న కక్షయు ఇట్టిదే.

క్రైస్తవ మతము ఈ వ్యాధిని ఎట్లు చూచుచున్నదో చెప్పెదను. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమున యేసు చెప్పిన అప్పుల కథ కలదు. ఒక సేవకుని పదివేల తలాంతుల బాకీని రాజు మన్నించెను. ఆ సేవకుడే బయటికి పోయి, తనకు నూరు దేనారములు ఈయవలసిన తోటివాని గొంతు పట్టెను. దేనారమనగా ఒకనాటి కూలి. తలాంతు సుమారు 6,000 దేనారములు. లెక్క వేసిచూడుడు. మొదటి బాకీ ఆరుకోట్ల దినముల కూలి, రెండవది నూరు దినములది. విశ్వాసి క్షమించుట తాను గొప్పవాడగుటచేత కాదు, తన పద్దు ముందే కొట్టివేయబడినది గనుక.

అన్యాయము చేసినవానిని ఊరక విడువవలెనా యని మీరడుగుదురు. 1999 జనవరిలో ఒరిస్సా రాష్ట్రపు మనోహరపూరు గ్రామమున, కుష్ఠురోగులకు సేవచేయుచుండిన గ్రాహం స్టెయిన్సును, ఆయన ఇద్దరు కుమారులను, వాహనములో నిద్రించుచుండగా దహించిరి. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించితినని చెప్పెను. అటుపిమ్మటను కొన్నేండ్లు ఈ దేశమునందే యుండి ఆ రోగుల సేవ సాగించెను. అయినను చట్టము తన పని మానలేదు. 2003లో న్యాయస్థానము ప్రధాన నేరస్థునకు శిక్ష విధించెను. క్షమించినది ఆమె హృదయము. తీర్పు చెప్పినది న్యాయపీఠము. ఈ రెంటిని కలిపివేయుటచేతనే మనలో పలువురు క్షమాపణయనగానే బెదరుదురు.

నే చెప్పిన అధ్యాయముననే ఒక వరుస కలదు. తప్పు చేసినవానితో మొదట ఒంటరిగా మాటాడవలెను. వినకున్న ఒకరిద్దరిని వెంటగొనవలెను. అప్పటికిని వినకున్న సంఘమునకు తెలుపవలెను. మన గ్రామములలో ఈ వరుస తలక్రిందులు; మొదటనే రచ్చకట్ట! ధర్మవరమున ఒక వృద్ధ నేతగాడు నాతో ననెను: పడుగులో తెగిన పోగును అప్పుడే ముడివేయకున్న, ఆ లోటు చీర పొడవునను సాగునట. కావున రేపు మీయొద్దకు తగవు వచ్చినయెడల, పదిమందిని పిలుచుటకు ముందు ఆ ఇద్దరినే ఒక పూట ఏ చెరువుకట్టమీదనో కూర్చుండబెట్టి, మీరు దూరముగా నుండుడు.