పుట్టిల్లు లేని పిల్లలకు పెద్దదిక్కు

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట్లాడమని నాకిచ్చిన అంశం 'క్రైస్తవ సేవాసంస్థలు - నిరాధార యువత'. ఈ మాట వినగానే మనలో కొందరికి మతమార్పిడి గుర్తొస్తుంది. మరికొందరికి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన సిస్టర్ గుర్తొస్తుంది. ఈ ఇద్దరి మధ్య తగువు తీర్చడం నా ఉద్దేశం కాదు. హాస్టల్లోనో అనాథాశ్రమంలోనో పెరిగి, పద్దెనిమిదేళ్ళు నిండగానే పెట్టె సర్దుకుని బయటికొచ్చే ఆడపిల్ల గురించి నేను మాట్లాడతాను. ఆమెకు ఈ సంస్థలు ఏమిచ్చాయి, బదులుగా ఏమడిగాయి, చట్టం ఏమిస్తోంది, మనం ఏం డిమాండు చేయాలి అనేవే నా ప్రశ్నలు.

'మెంటరింగ్' అనే మాట ప్రాజెక్టు రిపోర్టుల్లో బాగా కనిపిస్తోంది. మనకు అంతకంటే మంచి మాట ఉంది: పెద్దదిక్కు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో, యజమాని జీతం ఎగ్గొడితే ఎవరిని నిలదీయాలో, అద్దెకున్న ఇంట్లో చేయి పట్టుకుంటే ఎక్కడికెళ్ళాలో చెప్పే మనిషి పెద్దదిక్కు. ఆడపిల్ల విషయంలో దీనికి మరో పేరు పుట్టిల్లు. తొలి కాన్పుకి వెళ్ళే చోటు అది. మొగుడు కొడితే బిడ్డనెత్తుకుని వెళ్ళే చోటూ అదే. పుట్టిల్లు లేదని తెలిసిన ఆడపిల్ల మీద అత్తవారింట్లో హింస ఎలా పెరుగుతుందో మన దగ్గరికొచ్చే కేసుల్లో చూస్తూనే ఉన్నాం.

మన ప్రాంతంలో ఈ సంస్థలు ఎవరికి పెద్దదిక్కయ్యాయో ముందు ఒప్పుకోవాలి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చాడు. 1866 నుంచి ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ పనిచేశాడు. వీళ్ళ దగ్గరకు పెద్ద సంఖ్యలో వచ్చినవాళ్ళు మాలలు, మాదిగలు. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అది గొప్ప సంఘటనే, కానీ ఆ ఉద్యమం ప్రధానంగా అగ్రవర్ణ బాల వితంతువుల చుట్టూ తిరిగింది. దళితవాడల్లోని అమ్మాయికి బడి తలుపు తీసిన వాళ్ళలో ముందున్నది మిషన్ బోర్డింగులు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది, 1898లో అక్కడ ఆసుపత్రి తెరుచుకుంది. టీచరు, నర్సు, ఊరూరా తిరిగే బైబిలు స్త్రీ అనే మూడు ఉద్యోగాలు దళిత స్త్రీకి సొంత జీతం, గౌరవం తెచ్చిపెట్టాయి. ఈ చరిత్రను పక్కన పెట్టి చేసే ఏ విమర్శా న్యాయమైంది కాదు.

ఇక షరతుల మాట. అన్నం పెట్టే చెయ్యి, బోధించే నోరు ఒక్కరివే అయితే తినేవాళ్ళ స్వేచ్ఛ ఏమవుతుందన్న ప్రశ్న మనం కొత్తగా లేవదీసింది కాదు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేట్టు చేశాడు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ జనం కూటి కోసం వచ్చారా, గౌరవం కోసం వచ్చారా అన్న చర్చ వేరు. సహాయానికీ విశ్వాసానికీ మధ్య ఎడం ఉండాలని ఒక మిషనరీకే తోచిందన్నది మనం గమనించాల్సిన విషయం.

ఆ ఎడం ఎంత కష్టమో పండిత రమాబాయి జీవితంలో కనిపిస్తుంది. ఆమె 1883లో ఇంగ్లండులోని వాంటేజిలో బాప్తిస్మం తీసుకుంది. అక్కడ ఆమెకు ఆధ్యాత్మిక తల్లిగా నిలిచింది సిస్టర్ జెరాల్డిన్. మగవాళ్ళకు రమాబాయి పాఠాలు చెప్పవచ్చా కూడదా అన్న విషయంలో చర్చి పెద్దలు అడ్డం వస్తే ఆమె ఒప్పుకోలేదు. తన అంతరాత్మకు తానే యజమానినని వాదించింది. ఆ వాదనంతా వాళ్ళ ఉత్తరాల్లో ఉంది. అదే రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదన్ పెట్టి, మరుసటేడు పూనాకు మార్చింది. మత ప్రచారం చేయనన్న హామీతో నడిపినా, 1893లో కొందరు అమ్మాయిలు ఆమె ప్రార్థనల్లో పాల్గొంటున్నారన్న గొడవ రేగి చాలామందిని ఇళ్ళకు తీసుకుపోయారు. మఠం పెద్దలకు ఎదురు చెప్పిన స్త్రీయే తర్వాత వందలమందికి పెద్దదిక్కయింది. అప్పుడు ఎదురు చెప్పే వీలు ఆ అమ్మాయిలకు ఎంతుంది? పెద్దదిక్కుగా నిలిచే ఎవరినైనా, మనతో సహా, అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇంకో ఉదాహరణ ఇటలీది. విజయవాడ రైల్వే స్టేషన్ పిల్లల మధ్య దశాబ్దాలుగా పనిచేస్తున్న సలేషియన్ సభకు మూలపురుషుడు జాన్ బోస్కో. 1850ల మొదట్లో ట్యూరిన్ నగరంలో ఆయన పని నేర్చుకునే కుర్రాళ్ళ తరఫున యజమానులతో కాగితం మీద ఒప్పందాలు రాయించాడు. పని నేర్పాలి, కొట్టకూడదు, పండగ రోజుల్లో సెలవివ్వాలి అని అందులో ఉండేది. జాలిని హక్కుగా మార్చే దారిలో అది చాలా పెద్ద అడుగు. తర్వాత 1872లో మరియా మజ్జరెల్లోతో కలిసి ఆయన ఆడపిల్లల కోసం సిస్టర్ల సభ స్థాపించాడు. ఆమె అంతకుముందే తన ఊళ్ళో అమ్మాయిలకు కుట్టుపని నేర్పుతూ ఉండేది. నా ఆలోచనంతా ఆ కుట్టుగది చుట్టూనే తిరుగుతుంది. నూట యాభై ఏళ్ళు దాటినా మన హాస్టళ్ళలో ఆడపిల్లకు కుట్టుమిషనే చూపిస్తున్నాం. ఆమె తరఫున యజమానితోనో, రేపు మొగుడితోనో ఒప్పందం రాయించే పెద్దదిక్కు ఎంతమందికి ఉంది?

గత కొన్నేళ్ళుగా నా పరిశోధనలో భాగంగా కోస్తా జిల్లాల్లో ఇలాంటి హాస్టళ్ళలో పెరిగిన యువతులతో మాట్లాడుతూ వచ్చాను. వాళ్ళు ఎక్కువగా తలుచుకునేది భవనాలనీ భోజనాన్నీ కాదు, ఒక మనిషిని. ఒకమ్మాయి నర్సింగు పరీక్ష రాయడానికి వెళ్తే వార్డెనమ్మ తెల్లవారుజామునే క్యారేజీ కట్టి, బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించిందట. "మా అమ్మ బతికున్నా అంత చేసేది కాదేమో మేడం" అంది. ఇంకొకామె మొగుడు తలకాయ పగలగొడితే, తనను పెంచిన సిస్టర్ పోలీసు స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చుని కేసు కట్టించింది.

రెండో వైపు కూడా వాళ్ళే చెప్పారు. పాస్టరు గారింటివాళ్ళు తెచ్చిన సంబంధం చేసుకోనన్న ఒకమ్మాయికి ఆ ఏడాది ఫీజు ఆగిపోయింది. ఎవరూ తిట్టలేదు, 'కృతజ్ఞత లేని పిల్ల' అన్నారంతే. ఇంకొకామె చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ విదేశాల్లోని దాతకు ఉత్తరం రాసేది. నాన్న తాగుబోతని తప్పకుండా రాయమనేవారట. ఫోటోకి నవ్వొద్దనేవారట. "మా నాన్న తాగేవాడు కాదు మేడం, టీబీతో పోయాడు" అని చెప్పింది. దెబ్బలు తిని వచ్చిన మరొకామెకు మూడు రోజులు అన్నం పెట్టి, ప్రార్థన చేసుకో, సర్దుకుపో అని తిరిగి పంపారు.

మన పుట్టిళ్ళు చేసేదీ అదే కదా! సర్దుకుపొమ్మనే పుట్టిల్లు ఏ మతంలో లేదు? క్రైస్తవ స్త్రీకి చట్టం కూడా చాలాకాలం అదే మాట చెప్పింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాలి. 2001లో సవరణ వచ్చేదాకా ఆ వివక్ష సాగింది. కాబట్టి ఆ సిస్టర్ ఒక్కరినీ తప్పుపట్టి లాభం లేదు. పితృస్వామ్యం దయలోకి ఎలా చొరబడుతుందో అర్థం చేసుకోవాలి.

దయ సరిపోనప్పుడు చట్టం వైపు చూస్తాం. 2015 బాలల న్యాయ చట్టంలో 'ఆఫ్టర్ కేర్' ఉంది. సంస్థ నుంచి బయటికొచ్చిన వాళ్ళకు 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఆసరా ఇవ్వవచ్చు. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు దీనికి నెలకు 4,000 రూపాయలని రాశాయి. బాగానే ఉంది. కానీ 46వ సెక్షను చదవండి. ఆర్థిక సహాయం 'ఇవ్వవచ్చు' అంటుందే తప్ప 'ఇవ్వాలి' అనదు. ఆ ఒక్క మాటలోనే హక్కు మళ్ళీ దయగా మారిపోయింది. పైగా ఇది చట్టం కింద నమోదైన సంస్థల నుంచి వచ్చిన వాళ్ళకు ఉద్దేశించింది. బడికి అనుబంధంగా నడిచే మామూలు హాస్టల్లో పదేళ్ళు పెరిగిన పిల్ల ఈ లెక్కలోకే రాదు. డబ్బొచ్చినా బస్టాండు దాకా వచ్చే మనిషి ఆ నాలుగు వేలల్లో లేదు.

సర్టిఫికెట్ల చిక్కు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ 'సి' కింద ఉన్నారు. అందుకే చాలామంది అమ్మాయిలకు చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. ఉద్యోగానికి అప్లికేషను పెట్టే రోజున ఈ రెండు పేర్ల మధ్య నలిగిపోయేది ఆ పిల్లే. దీని గురించి ముందే కూర్చోబెట్టి చెప్పే మనిషి ఉండాలి.

ఇక విదేశీ నిధులు. ఒక విదేశీ దాత మంచితనం మీద, ఒక మంత్రిత్వశాఖ అనుమతి మీద ఆధారపడిన ఆసరా ఎంత పలచనిదో 2017 మార్చిలో చూశాం. 1968 నుంచి మనదేశంలో పనిచేసిన కంపాషన్ ఇంటర్నేషనల్, ప్రభుత్వ ఆంక్షల వల్ల ఇక్కడి పనిని మూసేసింది. అప్పటికి దాని సహాయం పొందుతున్న పిల్లలు దాదాపు 1,45,000 మంది. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులు పొందే సంస్థ వాటిని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. దాంతో ఊళ్ళలో పనిచేసే చిన్న సంస్థల చేతులు కట్టేసినట్టయింది. ఈ సంస్థల మీద మనకెన్ని విమర్శలున్నా, ఈ మూసివేతలను చూసి సంతోషించలేం. మూసినవాళ్ళు ఆ పిల్లల బాధ్యత తలకెత్తుకోలేదు కదా.

మరి మనం ఏమడగాలి? నా మట్టుకు ముఖ్యమైన సూత్రం ఒక్కటే. కాదని చెప్పినా కంచంలో అన్నం ఉండాలి. ప్రార్థనకు రానన్నా, తెచ్చిన సంబంధం వద్దన్నా, ఫోటో దిగనన్నా ఆమెకొచ్చే ఆసరా ఆగకూడదు. చర్చి హాస్టలుకే కాదు, మఠం నడిపే ఆశ్రమానికీ, ప్రభుత్వ సంక్షేమ హాస్టలుకీ, మన సంఘాలు నడిపే షెల్టర్లకూ ఇదే కొలత.

దీని నుంచి కొన్ని పనులు పుడతాయి. పదహారేళ్ళు వచ్చేసరికి ప్రతి అమ్మాయితో కూర్చుని రాబోయే అయిదేళ్ళ పథకం రాయాలి, ఆ కాగితం ఆమె చేతిలో ఉండాలి. ఆధార్, కుల ధృవీకరణ, మార్కుల మెమోలు, బ్యాంకు పుస్తకం వార్డెన్ బీరువాలో కాక ఆమె దగ్గరుండాలి. పెద్దదిక్కుగా ఉండే స్త్రీ, ఫీజు ఇచ్చే లేక ఆపే అధికారం ఉన్న స్త్రీ ఒక్కరే కాకూడదు. నచ్చకపోతే ఆమెను మార్చమని అడిగే వీలుండాలి. లైంగిక వేధింపు జరిగితే ఫిర్యాదు సంస్థ గోడలు దాటి వెళ్ళాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ దాచిపెట్టడం నేరమని సిబ్బందికి స్పష్టంగా చెప్పాలి. 46వ సెక్షన్లో 'ఇవ్వవచ్చు'ను 'ఇవ్వాలి' అని మార్చమనీ, మామూలు హాస్టళ్ళలో పెరిగిన నిరాధార యువతులను కూడా చేర్చమనీ మనం అడగాలి.

చివరిగా ఒక పని మనకే. మీ మండలంలో ఈ ఏడాది పద్దెనిమిది నిండే హాస్టలు అమ్మాయిలు ఎంతమందో కనుక్కోండి. వార్డెన్లతో, సిస్టర్లతో, పాస్టరమ్మలతో మాట్లాడండి. వాళ్ళలో చాలామంది మన ప్రశ్నలనే ఒంటరిగా మోస్తున్నారు. ఒక్కో అమ్మాయికి మన సంఘం నుంచి ఒక్కో మనిషిని ఒప్పించండి. నెలకోసారి ఫోను, పండక్కి ఒక పూట భోజనం, కాన్పుకి ఒక మంచం, స్టేషనుకి తోడు. ఇందులో ఏదీ నిధుల కోసం ఎదురుచూడాల్సిన పని కాదు. చట్టం మారేదాకా ఆగాల్సిన పనీ కాదు.