ఇరుకు పెట్టెకు తగిన కూలరు

కూలరు అనగానే మన శ్రోతలలో పెక్కుమందికి వేసవిలో కిటికీకి ఆనించి పెట్టు పెద్ద పెట్టె స్ఫురించును. నేడు నేను చెప్పబోవునది అరచేతిలో ఇముడునంతటి మరియొక కూలరును గూర్చి. కంప్యూటరులో ప్రాసెసరు అను చిన్న బిళ్లమీద కూర్చుండి, దానియందు పుట్టు వేడిని గాలికి అప్పగించుటయే దీని పని. లోహపు అడుగు, అందుండి బయలుదేరు రాగి గొట్టములు, వానికి గ్రుచ్చిన పలుచని అల్యూమినియము రేకులు, రేకులకు గాలి నందించు ఒక పంకా: ఇదియే దీని నిర్మాణము.

ఆ రాగి గొట్టములు చూచుటకు సామాన్యములైనను వాని పని విచిత్రమైనది. లోపల కొద్దిపాటి ద్రవము ఉండును. అది వేడి తగిలినచోట ఆవిరియై, చల్లని కొసకు పోయి, అచ్చట మరల ద్రవమై, గొట్టపు లోగోడలనున్న సూక్ష్మరంధ్రముల వెంట వెనుకకు వచ్చును. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి గొట్టమును నిర్మించి చూపెను. అంతరిక్షమున వినియోగింపదలచిన ఉపాయము నేడు మన బల్లపైని యంత్రములలోనికి వచ్చినది.

ప్రాసెసరును తయారుచేసినవారు నిర్ణయించిన వేగముకంటె అధిక వేగముతో నడపుటను ఓవర్‌క్లాకింగ్ అందురు. ఇది క్రొత్త ముచ్చట కాదు. 1998లో ఇంటెల్ సంస్థవారి సెలెరాన్ 300ఎ అను ప్రాసెసరును 300 మెగాహెర్ట్జులకు కొని, 450కి నడపి సంతోషించినవారు లోకమున ఎందరో ఉండిరి. ఆనాటి పెట్టెలు విశాలములు. నేడు చోటు కలిసివచ్చునని సన్నని పెట్టెలను కోరువారు హెచ్చుచున్నారు. వేగమును కావలెను, పెట్టెయు చిన్నదిగా ఉండవలెను. ఈ రెండు కోరికల నడుమ నలిగిపోవునది కూలరు.

ముందుగా వేడి లెక్క చూతము. ప్రాసెసరు పుట్టించు వేడి దాని వేగమును అనుసరించి పెరుగును. వోల్టేజి విషయమున అట్లు కాదు. వోల్టేజి వర్గమును అనుసరించి పెరుగును. వేగమును పెంచినచో ప్రాసెసరు తడబడకుండ నడచుటకు వోల్టేజిని కూడ పెంచవలసి వచ్చును. ఏఎండీ సంస్థవారు 2020లో విడుదల చేసిన రైజెన్ 5 5600ఎక్స్ అను ప్రాసెసరును ఉదాహరణముగా తీసికొందము. దానికి సంస్థవారు విధించిన విద్యుత్ పరిమితి 76 వాట్లు. వేగమును నూటికి 5 వంతులు, వోల్టేజిని నూటికి 10 వంతులు పెంచితిమనుకొనుడు. 76 వాట్లు రమారమి 97 అగును. అనగా అయిదు వంతుల వేగమునకు ఇరువదియేడు వంతుల వేడిని మూల్యముగా చెల్లించితిమి. విశాలమైన పెట్టెలో ఈ బేరము గిట్టుబాటు కావచ్చును. ఇరుకు పెట్టెలో ఆలోచించి చేయవలెను.

ఇక చోటు లెక్క. అంగడికి పోవుటకు పూర్వమే పెట్టె ప్రక్క తలుపు తీసి, ప్రాసెసరు పైభాగము నుండి తలుపు మూయునప్పుడు దాని లోపలి అంచు వచ్చు చోటివరకు ఎన్ని మిల్లీమీటర్లున్నదో కొలువవలెను. పెట్టెను చేసినవారు ఈ కొలతను తమ వివరపత్రములో కూడ ఇత్తురు. ఫ్రాక్టల్ డిజైన్ వారి నోడ్ 202 అను సన్నని పెట్టెలో ఈ ఎడము 56 మిల్లీమీటర్లు మాత్రమే. నాక్టువా వారి ఎన్‌హెచ్-డి15 అను ప్రఖ్యాతమైన కూలరు ఎత్తు 165 మిల్లీమీటర్లు. దానిని గూర్చి తలచనక్కరలేదు. అదే సంస్థవారి ఎన్‌హెచ్-ఎల్12ఎస్ పొట్టిదే, 70 మిల్లీమీటర్లు; అదియు పట్టదు. థర్మల్‌రైట్ వారి ఏఎక్స్‌పి-90 ఎక్స్47 ఎత్తు 47, ఇది పట్టును. నాక్టువా వారి ఎన్‌హెచ్-ఎల్9 తరగతి కూలరు 37 మిల్లీమీటర్లే కావున సులభముగా పట్టును. కాని అది ఓవర్‌క్లాకింగునకు తగదని తయారుచేసినవారే చెప్పియున్నారు. పట్టుట ఒకటి, పనికివచ్చుట మరియొకటి. కూలరు అడుగున మెమరీ పలకలు తగులుకొనునేమో కూడ చూడవలెను. తళుకు రేకులు తొడిగిన ఎత్తైన మెమరీ పలకలకంటె పొట్టి పలకలే ఇరుకు పెట్టెకు క్షేమము.

పొట్టి కూలరులలో పంకా సాధారణముగా ప్రాసెసరు వైపునకు గాలి నూదును. ఆ గాలి చుట్టునున్న విద్యుత్ భాగములను కూడ చల్లబరచును గనుక ఇది మేలైన ఏర్పాటే. కాని ఆ పంకాకు బయటి గాలి అందవలెను. పంకాకు ఎదురుగా ప్రక్క తలుపునకు జాలీ ఉన్నచో మంచిది. తలుపు జాలీ లేని రేకైనచో పంకా తాను వెడలగొట్టిన వేడిగాలినే మరల పీల్చుకొనుచుండును. జాలీ ఉన్నను పంకాకు, దానికి నడుమ సందు మిగిలినచో ఆ సందుచుట్టు స్పాంజి పట్టీని అమర్చుట మంచిది. అట్లు చేసిన, బయటి గాలి నేరుగా పంకాకు చేరును. వేడిగాలి వెలుపలికి పోవు దారిని కూడ మూయరాదు. నీటితో చల్లార్చు కూలరులున్నవి గదా అని కొందరు అడుగవచ్చును. వానియందు రేడియేటరు మందము సామాన్యముగా 27, దానిపై పంకా 25, మొత్తము 52 మిల్లీమీటర్లు. సన్నని పెట్టెలో ఆ మందమునకు వేరొక తావు దొరకుట అరుదు.

ఇక మన వాతావరణము లెక్క. విదేశములందు ప్రకటింపబడు పరీక్షలు చాలవరకు ఇరువది, ఇరువదిరెండు డిగ్రీల గదులలో జరుగుచుండును. బెజవాడలోనో, రామగుండములోనో మే నెల మధ్యాహ్నము మేడమీది గదిలో 38 డిగ్రీలుండుట వింత కాదు. కూలరు చేయగలిగినది ప్రాసెసరు వేడిని గది గాలి వేడికి సమీపమునకు దింపుటయే. గాలికంటె చల్లగా చేయుట దానికి అసాధ్యము. ఒక కూలరు 76 వాట్లకు గాలికంటె 45 డిగ్రీలు హెచ్చుగా నిలుపుచున్నదనుకొందము. 97 వాట్లకు ఆ హెచ్చు 57 డిగ్రీలగును. 22 డిగ్రీల గదిలో ప్రాసెసరు 79 వద్ద నిలుచును. 38 డిగ్రీల గదిలో 95ను తాకును. పైన చెప్పిన ప్రాసెసరుకు 95 డిగ్రీలే గరిష్ఠ పరిమితి. ఇరుకు పెట్టె లోపలి గాలి గది గాలికంటె మరికొంత వేడిగా ఉండునను మాటను ఇంకను లెక్కలోనికి తీసికొననేలేదు.

పరిమితిని చేరిన ప్రాసెసరు కాలిపోదు. తన వేగమును తానే తగ్గించుకొనును. అనగా మనము కష్టపడి పెంచిన వేగము, వేసవిలో మనకు తెలియకుండగనే చేజారిపోవును. అంతకంటె భయపడదగినది వేరొకటి కలదు. వేడికి ప్రాసెసరు తన్ను తాను కాచుకొనగలదు గాని, చాలని వోల్టేజి వలన జరుగు తప్పుడు లెక్కలనన్నిటిని పట్టుకొనజాలదు. నడుమ ఆగిపోయిన యంత్రము మనకు కనబడును. విద్యార్థి ఏడాది పొడవున వ్రాసిన సిద్ధాంతవ్యాసములోనో, ఇంటి ఛాయాచిత్రములలోనో నిశ్శబ్దముగా చొరబడిన దోషము చాల కాలమువరకు కనబడదు. కావున ఓవర్‌క్లాకింగ్ చేయదలచిన ఇంట ముఖ్యమైన పత్రములకు వేరొకచోట ప్రతి ఉండితీరవలెను.

మరి ఏమి చేయవలెను? మొదట యంత్రమును ఉన్నవేగముననే అరగంటసేపు బరువైన పనిలో పెట్టి, వేడిని వ్రాసికొనుడు. ఆ రోజున గది వేడిని కూడ వ్రాసికొనుడు. 38 డిగ్రీల గదిలో ఆ అంకె ఎంతకు పోవునో కూడికచేతనే తెలియును. పరిమితికి పది డిగ్రీలైనను దిగువన మిగిలినచో కొద్దికొద్దిగా వేగము పెంచవచ్చును. మిగులనిచో వేగమును అట్లే ఉంచి వోల్టేజిని తగ్గించి చూడుడు. వోల్టేజి నూటికి 5 వంతులు తగ్గినచో వేడి రమారమి పదవ వంతు తగ్గును. తగ్గించిన పిమ్మటకూడ గంటల తరబడి పరీక్ష జరుపవలెను. రెండు మూడు నెలలకొకసారి రేకులనడుమ పేరుకొను దుమ్మును దులుపవలెను. మన ఊళ్లలో పంకాను చంపునది ఈ దుమ్మే.

తరచు మనము కావలసిన వేగమును ముందు నిశ్చయించుకొని, దానికి తగిన కూలరును వెదకి, చివరకు దానిని పెట్టెలో ఇరికింపజూతుము. ఇరుకు పెట్టె విషయమున ఈ వరుసను తలక్రిందులు చేయవలెను. పెట్టెలోని ఎడము కూలరును నిర్ణయించును. కూలరు, వేసవి కలిసి వాట్లను నిర్ణయించును. ఆ వాట్లలో ఎంత వేగము లభించునో అంతటితో తృప్తిపడవలెను. అంతకు మించి కావలెనన్నచో, ఖరీదైన కూలరుకంటె కాస్త వెడల్పైన పెట్టె కొనుటయే మేలు.