తరవాణి కుండ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు ఆరు రుచుల పచ్చడిని గురించి మాటాడని వక్త ఉండడు. ఆ పని పెద్దలు ఇదివరకే చేశారు. అందులోని పులుపు ఒక్కటి పట్టుకొని, మా ఇంటి తరవాణి కుండను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

పిల్లల్లో చాలామంది ఆ మాటే విని ఉండరు. కొత్త కుండకు పసుపు రాసి బొట్టుపెట్టి, బియ్యం కడిగిన నీళ్లు, అన్నం వార్చిన గంజి పోసి, గుప్పెడు అన్నం వేసి, మూతికి గుడ్డ కట్టి ఒక మూల పెట్టేవారు. నాలుగు రోజులకు పులుపెక్కేది. ఆపైన రాత్రి మిగిలిన అన్నం అందులో వేయడం, పొద్దున్నే దేవి పెట్టడం, తీసినంత గంజి మళ్లీ పోయడం. రెండు దబ్బాకులు వేస్తే ఆ వాసనే వేరు. ఇంత ఉప్పు, ఒక ఉల్లిపాయ, నంజుకోను మాగాయ టెంక. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా ఆకలీ దాహమూ తెలిసేవి కావు. అన్నాన్ని పులియబెట్టేవి సూక్ష్మజీవులని శాస్త్రం చెబుతుంది. మా అమ్మకు ఆ సంగతి తెలియదు. కుండ బతికి ఉండాలని మాత్రం తెలుసు.

1962లో నాన్నగారికి బదిలీ అయి పలాస నుంచి ఖుర్దారోడ్డు రైల్వే కాలనీకి వచ్చాము. దారిపొడుగునా అమ్మ కుండను ఒడిలో పెట్టుకొని తెచ్చింది. తీరా క్వార్టరు గుమ్మంలో సామాను దింపేవేళ అది పగిలింది. కొత్త కుండ పెడితే పాడు వాసన వచ్చిందేగాని పులవలేదు. భాష రాని ఊళ్లో అమ్మ దిగులు కనిపెట్టి, పక్కింటి ఒడియా ఆమె ఒక చెంబుడు పుల్లనీళ్లు తెచ్చి కుండలో పోసింది. మేము ఆమెను మావుసీ అని పిలిచేవాళ్లము. "తొరాణి" అన్నది ఆమె. "తరవాణే!" అన్నది అమ్మ. ఇద్దరికీ నడుమ మొదటి మాట అదే. పఖాళ అన్నంలోని నీటికి వారి పేరు తొరాణి. పూరీ జగన్నాథస్వామికి కూడా పఖాళ నైవేద్యమున్నది. వారు బడిచూరా నంజుకుంటే మనము మాగాయ నంజుకుంటాము. అంతే భేదము.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. చద్దన్నం తిని బడికి వచ్చామని చెప్పడానికి మాకు నామోషీ. ఒకనాడు స్నేహితులు ఇంటికి వచ్చి, పొద్దున ఏమి తిన్నారని అడిగితే "ఇడ్లీ" అనేశాము. వంటింట్లో అమ్మ విన్నది. ఏమీ అనలేదు. రెండు రోజులు పోయాక నిజంగానే ఇడ్లీ పెట్టింది. మినప్పప్పు బదులు తెచ్చిందని తరువాత తెలిసింది. వడ్డిస్తూ, "తిన్నదాన్ని తినలేదంటే అన్నం అలుగుతుంది బాబూ" అన్నది. ఆ ఇడ్లీ మాకు గొంతు దిగలేదు.

కాలం గడిచింది. ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. మిగిలిన అన్నం అందులోకి పోయింది. 1994లో అమ్మ పోయింది. ఇంట్లో వస్తువులు తలా ఒకటి తీసుకున్నాము. కుండను అడిగినవారు లేరు.

ఈ ఉగాది 2026 మార్చి 19న వచ్చింది. రేపు, 20న, ఒడియా సోదరుల పఖాళ దినము. మన పిల్లలు స్నేహితుల ఇళ్లలో పఖాళ తిని వచ్చి, ఎంత బాగుందో అని మనకే చెబుతారు. సంతోషమే. కాని, ఇది మన ఇంట్లోనూ ఉండేదని వారికి చెప్పకపోవడం ఎవరి లోపము? నామోషీతో దాచిన కూడూ, నామోషీతో దాచిన భాషా ఒక్క తరంలోనే మరుగునపడతాయి.

నిరుడు వేసవిలో మేము మళ్లీ కుండ పెట్టాము. మొదట పులవలేదు. మావుసీ కోడలినడిగితే ఒక చెంబుడు తొరాణి ఇచ్చింది. ఇప్పుడు కుండ బాగున్నది. పుల్లనీళ్లు కావలసినవారు చెంబు పట్టుకొని మా ఇంటికి రావచ్చును.

అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.